చింతగింజ జిగురు, చెరియాల బట్ట: డక్కలి పటం ఎవరి చరిత్ర?

తెలంగాణ పల్లెల్లో చాలా కులాలకు వాటి పుట్టుక చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉంటుంది. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. వీళ్లు ఉత్త నోటిమాటతో కథ చెప్పరు. మందహెచ్చులవాళ్లు కొయ్యబొమ్మలు పెట్టి కాటమరాజు కథ చెప్తారు. కూనపులివాళ్లు, డక్కలివాళ్లు బొమ్మలు గీసిన పొడుగాటి బట్టను కొంచెం కొంచెంగా విప్పుకుంటూ, ఒక్కో బొమ్మను చూపిస్తూ, పాటగా కొంత, మాటగా కొంత నడిపిస్తారు. ఆ బట్టనే పటం అంటారు.

రకరకాల వస్తువులు కలిపి బొమ్మ చేయడాన్ని ఇప్పుడు కళాశాలల్లో ‘మిక్స్‌డ్ మీడియా’ అంటున్నారు. 1912లో పికాసో కాన్వాసు మీద ఆయిల్‌క్లాత్ ముక్క అతికించి, చుట్టూ తాడు బిగించిన బొమ్మతో ఈ పద్ధతికి లెక్క మొదలుపెడతారు. డక్కలి పటం, కిన్నెర, కథ కలిసిన ఆటను మాత్రం ‘జానపదం’ అనే గదిలో వేసి తాళం పెడతారు. ఆ గదిలో పడ్డ వస్తువుకు తేదీ ఉండదు, చేసినవాడి పేరు ఉండదు, వాదం ఉండదు. ఈ వ్యాసం ఆ వాదం గురించే.

పటం తయారీ నుంచి మొదలుపెడదాం. వరంగల్ జిల్లాలో ఉండి 2016 నుంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చిన చెరియాల, నకాశీలకు పేరుపొందిన ఊరు. ముతక నూలుబట్ట తీసుకుంటారు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు తీస్తారు. దాంట్లో సుద్ద, గంజి, చెట్టుబంక కలిపి బట్టకు పూత మీద పూత పూస్తారు. ఆరినాక బట్ట బిరుసెక్కుతుంది, చుట్టినా విప్పినా పగలదు. వెనక తలానికి ఎర్ర రంగు. దీపం మసితో నలుపు, గవ్వలు నూరి తెలుపు, నీలిమందుతో నీలం. ఉడుత తోక వెంట్రుకల కుంచెతో గీతలు. మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పొడవు.

చింతగింజ జిగురును మాదిగవాడలో ఎవరికీ పరిచయం చేయనక్కర్లేదు. డప్పు చట్రానికి తోలు పట్టించేది కూడా ఆ జిగురుతోనే. మోతకు, బొమ్మకు ఒకటే అంటు. పేదోళ్ల కళ ఖరీదైన సరుకు కోసం ఎదురుచూడలేదు, తిన్న చింతపండులో మిగిలిన గింజతోనే పని నడిపింది.

పటంతో పాటు కిన్నెర. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనం, తంతులు, పైన కొయ్యతో చేసిన నెమలి. మెట్లను మైనంతో అతికిస్తారు. పల్లెలో దొరికే వస్తువులతోనే రాగం పలికించిన తెలివి ఇది. కిన్నెర పాట, పటం బొమ్మ, చెప్పేవాడి గొంతు, చుట్టూ కూర్చున్న వాడ. ఈ నాలుగూ కలిస్తేనే ఆట. ఒక్క బట్టను విడదీసి అద్దాల పెట్టెలో పెడితే మిగిలిన మూడూ పోతాయి.

ఇక కథ. జాంబపురాణం చెప్పేవాళ్లను బట్టి మారుతుంది గానీ మొదటి వాదం మాత్రం గట్టిగా ఉంటుంది. ఆది జాంబవుడు భూమి కన్నా ఆరు నెలలు ముందు పుట్టాడు. అంటే దేవుళ్ల కన్నా, బ్రాహ్మల కన్నా, ఊరికన్నా మాదిగే పెద్ద. వశిష్ఠుడి భార్య అరుంధతి కూడా మాదిగల ఆడబిడ్డే. పెళ్లిపందిట్లో ఆకాశంలోకి చూపించే నక్షత్రం మా ఇంటిదని చెప్పడం చిన్న మాటేమీ కాదు. షెడ్యూల్డు కులాల జాబితాలో జాంబువులు, అరుంధతీయ అనే పేర్లు ఇప్పటికీ ఉన్నాయి.

దీన్ని పురాణం అని కొట్టిపారేసే మేధావులున్నారు. జాంబవుడు ఏ శతాబ్దంలో పుట్టాడని అడిగితే ఈ కథలో జవాబు దొరకదు. అంటరానితనంలో బతికిన మనుషులు తమ గురించి ఏమనుకున్నారు అని అడిగితే దొరుకుతుంది. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర సభ జరిగింది. ‘పంచములం కాదు, ఈ నేల మొదటి మనుషులం’ అనే ఎరుక అక్కడ రాజకీయ భాష అయింది. ఆ ఎరుక నగరంలో చదువుకున్న కొందరికే తట్టిందని అనుకోవడం పొరపాటు. పల్లెల్లో ‘ఆది’ అన్న మాట జాంబవుడి పేరులోనే ఉంది. చదువురానోళ్లు దాన్ని బొమ్మల్లో చూసుకున్నారు, పాటలో విన్నారు.

మరి పాత పటాలేవి? చరిత్రకారులు అడిగే మొదటి ప్రశ్న ఇది. పటం చిరిగి పాతబడితే కొత్తది గీయించి, పాతదాన్ని ఆచారంగా నీళ్లలో కలిపేవాళ్లు. వస్తువును దాచుకోవడం వాళ్ల పద్ధతి కాదు, కథను కొనసాగించడమే పద్ధతి. అందుకే పాత పటాలు అరుదు. రాగిశాసనం దొరికితేనే చరిత్ర అనే కొలతబద్దతో చూస్తే నీళ్లలో కలిసినవాళ్లకు చరిత్ర లేనట్టే లెక్క. ఆ కొలతబద్ద తయారుచేసింది శాసనాలు వేయించుకోగలిగినవాళ్లు అన్న సంగతి విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి.

ఇంతవరకు గర్వంగా చెప్పుకున్నాం. ఇప్పుడు కష్టమైన మాట. డక్కలివాళ్లు మాదిగలనే అడుగుతారు, వేరే కులం దగ్గర చెయ్యి చాపరు. ఏ ఊళ్లు ఎవరివో మిరాశీగా పంచుకుంటారు. వాడకొచ్చి పెద్దమాదిగను పిలిచి, పటం విప్పి, మన పుట్టుక మనకు చెప్పి, మన దగ్గర కట్నం తీసుకుంటారు. అట్లాంటి మనిషిని మాదిగలు ఇంటి గడప దాటనివ్వలేదు. నీళ్లు ఎత్తిపోశారు, దూరంగా కూర్చోబెట్టారు. ఊరు మాదిగకు చేసినదాన్నే మాదిగవాడ డక్కలికి చేసింది. అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత ఇంత కిందిదాకా దిగింది. నీది అందరికన్నా పెద్ద పుట్టుక అని చెప్పే నోటినే అంటరాని నోరుగా చూసిన చరిత్ర మనది. దీన్ని దాచిపెట్టి జాంబపురాణాన్ని ఆత్మగౌరవ పతాకంగా ఎత్తుకుంటే సగం పనే చేసినట్టు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు డప్పు మళ్లీ తలెత్తింది, పేరు చివర మాదిగ అని రాసుకోవడం ధైర్యం అయింది. వాటా అడిగిన ఆ ఉద్యమ తర్కమే డక్కలి, మాష్టి లాంటి చిన్న కులాల ప్రశ్నను కూడా ముందుకు తెచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. దాంట్లో 59 కులాలను మూడు గ్రూపులు చేసి, బాగా వెనకబడిన 15 కులాలకు 1 శాతం ఇచ్చారు. డక్కలివాళ్లు ఆ మొదటి గ్రూపులో ఉన్నారు. కాగితం మీద పేరు వచ్చింది. బడి మెట్టు ఎక్కిన డక్కలి పిల్లలు ఎందరన్నది అసలు ప్రశ్న.

కళారంగంలోనూ ఇదే కథ. సినిమా, టీవీ వచ్చినాక పటం గీయించే కులాలు తగ్గాయి. నకాశీలు బతకడానికి చిన్న బొమ్మలు, రంపపు పొట్టు, చింతగింజ జిగురు కలిపిన ముఖోటాలు చేసి అమ్ముతున్నారు. అది వాళ్ల బతుకు, తప్పుపట్టలేం. కానీ గోడకు తగిలించే అడుగున్నర చెరియాల బొమ్మలో కథ చెప్పేవాడికి చోటు లేదు. 2022లో 12 మెట్ల కిన్నెర దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలికి పోతున్నాడని పత్రికలే రాశాయి. వాద్యానికి బిరుదు ఇచ్చి, వాయించేవాడిని అడ్డా మీద నిలబెట్టే వ్యవస్థ ఇది.

ఇవాళ మన పిల్లలు లలితకళలు చదువుతున్నారు. తోలు, డప్పు, చెప్పు, పాత ఫొటోలు, బట్ట కలిపి బొమ్మలు చేస్తున్నారు. చేయాలె. అయితే పటం నుంచి తీసుకునేటప్పుడు మూడు బాధ్యతలుంటాయి. కథ ఎవరి దగ్గర విన్నారో పేరు పెట్టి రాయాలె. బొమ్మ అమ్మితే చెప్పినవాళ్లకు వాటా ఇయ్యాలె. ప్రదర్శన పెట్టితే డక్కలివాళ్లను వేదిక మీద కూర్చోబెట్టి, పూర్తి కథ చెప్పనియ్యాలె.

పరిశోధక విద్యార్థులకు పని ఇంకా ఎక్కువ. ఏ ఊరు ఎవరి మిరాశీ, పటం ఎవరు గీశారు, ఎంత ఇచ్చారు, చివరిసారి ఎప్పుడు విప్పారు, డక్కలి ఆడవాళ్లు ఈ కథను ఎట్లా చెప్తారు, ఇవన్నీ రాసిపెట్టాలె. చెప్పగలిగిన ముసలోళ్లు ఉండంగనే ఆ పని కావాలె.