బెనె ఎఫ్రాయిమ్

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతాన్ని పాటించే చిన్న తెలుగు సమాజం. వీరిలో ఎక్కువమంది మాదిగలు, వ్యవసాయ కూలీలు. ఇశ్రాయేలులో తప్పిపోయిన పది గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము వంశమే తమదంటారు. గొడ్డుమాంసం తినడం, చనిపోయినవారిని పూడ్చడం వంటి పాత ఆచారాలను అందుకు ఆనవాళ్లుగా చూపుతారు. చారిత్రక ఆధారంగా ఇవి చాలవు. అయితే ఊరి చివరకు నెట్టిన కులం తన చరిత్రను తానే చెప్పుకోవడం చిన్న సంగతేమీ కాదు.

1878లో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్కరోజే 2,222 మంది, అత్యధికులు మాదిగలే, బాప్తిస్మం పొందారు. ఈ సమాజానికి పునాది వేసిన యాకోబి సోదరులు, షమూయేలు, సాదోకు కూడా క్రైస్తవ సంప్రదాయంలోనే పెరిగారు. 1990ల తొలినాళ్లలో ఇక్కడ ప్రార్థనామందిరం వెలిసింది. శనివారం పని మాని అక్కడ చేరతారు. హీబ్రూ ప్రార్థనలతోపాటు తెలుగు పాటలూ వినిపిస్తాయి.

ఈ సమాజానికి కొరత గుర్తింపుదే. మణిపూర్, మిజోరంలలో ఇలాగే తమది ఇశ్రాయేలు వంశమని చెప్పుకునే బెనె మెనాషేలను ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ 2005లో ఆ వంశస్థులుగా గుర్తించారు. బెనె ఎఫ్రాయిమ్‌కు ఆ గుర్తింపు దక్కలేదు.