ఫిలిం పదార్థం, వాతావరణం, చరిత్ర: భారతీయ చలనచిత్రాల మనుగడపై ఒక పరిశీలన

చలనచిత్రానికి, పర్యావరణానికి గల సంబంధాన్ని సాధారణంగా కథావస్తువు దృష్టితో పరిశీలిస్తారు. తెరపై కనిపించే అడవి, నది, కరువు అందుకు ఆధారాలవుతాయి. అయితే ఫిలిం కూడా ప్రకృతిలభ్యమైన వస్తువులతో తయారైనదే. పత్తి నుంచి తీసిన సెల్యులోజ్, పశువుల ఎముకల నుంచి, చర్మాల నుంచి తీసిన జెలటిన్, గనుల్లోని వెండి దానికి మూలద్రవ్యాలు. ఈ పదార్థం ఎంతకాలం నిలిచిందన్న దానిపైనే చరిత్రకారునికి లభించే ఆధారాలు ఆధారపడి ఉంటాయి.

1950ల ఆరంభం వరకు 35 మి.మీ. చిత్రాలకు ప్రధానంగా సెల్యులోజ్ నైట్రేట్ ఫిలిమునే వాడేవారు. వేడి, తేమ దాని క్షీణతను వేగిరపరుస్తాయి. అప్పుడు వెలువడే ఆమ్లవాయువులు మూసిన డబ్బాలోనే నిలిచి మిగిలిన భాగాన్నీ తినివేస్తాయి. దహనానికి కావలసిన ఆక్సిజన్ ఆ పదార్థంలోనే ఉన్నందున అంటుకున్న నిప్పును ఆర్పడం దుస్సాధ్యం. 2003 జనవరిలో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో అనేక నైట్రేట్ ఫిలింలు దగ్ధమయ్యాయి. తరువాత వచ్చిన ఎసిటేట్ ఫిలిం అంత సులభంగా మండదు కాని, వేడికి, తేమకు అదీ పులిసిన వాసనతో కుంచించుకుపోతుంది.

ఈ నష్టానికి వాతావరణమొక్కటే కారణం కాదు. టాకీల రాకతో మూకీలు వ్యాపార విలువను కోల్పోగా, వెండి కోసం ఎన్నో ప్రతులను కరిగించారు. జాతీయ ఫిలిం ఆర్కైవ్ ఏర్పడినది 1964లో. అప్పటికి ‘రాజా హరిశ్చంద్ర’ (1913) వచ్చి అర్ధశతాబ్దం గడిచింది. సుమారు 1,300 భారతీయ మూకీలలో పూర్తిగానో పాక్షికంగానో మిగిలినవి 30 వరకు మాత్రమేనని అంచనా.

ముడి ఫిలిం తయారీకి చల్లని, దుమ్ములేని గాలి అవసరమని గుర్తించిన ప్రభుత్వం హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారానికి ఉదకమండలాన్ని ఎంచుకుంది. 1967లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. తయారీలో పాటించిన ఈ జాగ్రత్త పూర్తయిన చిత్రాల నిల్వలో కొరవడింది.

తెలుగు చలనచిత్ర చరిత్రకు ఇది మౌలికమైన సమస్య. రఘుపతి వెంకయ్య, ప్రకాశ్‌ల ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921), హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ (1932) నేడు చూడటానికి లభించవు. తొలినాటి చిత్రాలను ప్రకటనలు, పాటల పుస్తకాలు, సమీక్షలు, స్మృతుల ద్వారానే తెలుసుకోవలసి వస్తోంది. ఫలితంగా సాహిత్యం గురించి చెప్పగలిగినంత నిశ్చయంగా ఉచ్చారణ, అభినయం, దృశ్యనిర్మాణం గురించి చెప్పడం సాధ్యం కావడం లేదు. కాబట్టి తొలి చిత్రాలపై చేసే ప్రతి నిర్ధారణా ఫిలింపై ఆధారపడినదా, కాగితంపై ఆధారపడినదా అన్నది స్పష్టం చేయడం పరిశోధకుల ప్రథమ కర్తవ్యం.