పౌరాణికము, జానపదము, సాంఘికము: తెలుగు చలనచిత్రాల కోవలు మారిన చరిత్ర

మన మారిషస్ ద్వీపంలో తెలుగు చలనచిత్రం గురించి మాట్లాడేటప్పుడు పెద్దలు ముందుగా ఒక ప్రశ్న వేస్తారు. "అది పౌరాణికమా, జానపదమా, సాంఘికమా?" జవాబు వినగానే ఆ చిత్రం ఎట్లా ఉంటుందో, ఇంటిల్లిపాదీ కలిసి చూడవచ్చునో లేదో వారికి తెలిసిపోతుంది. నేటి పిల్లలకు ఈ మూడు మాటలూ క్రొత్తవే. ఈ పేర్లు ఎట్లా పుట్టినవి, ఎట్లా వాడుకలోనికి వచ్చినవి, ఎట్లా మారినవి అన్న విషయం మనం తెలుసుకోవటం అవసరం. ఎందుకంటే ఈ పేర్ల వెనుక తెలుగు భాష చరిత్ర కూడా ఉన్నది.

ముందుగా ఒక సంగతి గుర్తు చేసుకుందాము. ఒప్పంద కూలీల మొదటి జట్టు పోర్ట్ లూయీ రేవులో దిగినది 1834లో. 1910 నాటికి ఆ రాక దాదాపు ఆగిపోయినది. ఫాల్కే గారి 'రాజా హరిశ్చంద్ర' 1913లో వచ్చినది. అంటే మన పూర్వులు చెఱకు తోటలకు వచ్చేనాటికి భారతదేశంలో కథా చిత్రమన్నదే లేదు. వారు తమతో తెచ్చుకున్నది రామభజన, పురాణ కథలు, పండుగలు మాత్రమే. అయితే తొలి తెలుగు చిత్రాలు కూడా ఆ పురాణ కథల నుండే పుట్టినవి. అందువలన చిత్రాలు మన వద్దకు ఆలస్యంగా వచ్చినా, వాటి కథలు మనకు పరాయివి కాలేదు.

రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన మూకీ చిత్రం 'భీష్మ ప్రతిజ్ఞ'. హెచ్. ఎం. రెడ్డి తీసిన మొదటి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. అది 1931లో వచ్చినదని చాలాకాలం చెప్పుకున్నారు గాని, 1932 ఫిబ్రవరి 6న విడుదల అయినదని తరువాతి పరిశోధనలో తేలినది. అది సురభి నాటక సమాజం వారి నాటకాన్ని అనుసరించినది. తరువాత 'సతీ సావిత్రి' (1933), 'లవకుశ' (1934) వచ్చినవి. నాటక రంగంలో పద్యాలు పాడగల నటులు సిద్ధంగా ఉన్నారు. కథ అందరికీ తెలుసు. కనుక నిర్మాతకు నష్టభయం తక్కువ. ఆ రోజులలో పౌరాణికము అనేది చిత్రాలలో ఒక రకం కాదు, దాదాపు చిత్రాలన్నీ అవే.

రెండవది వచ్చినప్పుడే మొదటిదానికి పేరు కావలసి వస్తుంది. 1936లో 'ప్రేమ విజయం' వచ్చినది. దానిని తొలి తెలుగు సాంఘిక చిత్రమని చెప్తారు. 'సాంఘికము' అంటే సంఘానికి సంబంధించినది. ఆ కాలంలో ఆ మాటలో సంస్కరణ అనే అర్థం కూడా ఇమిడి ఉండేది. గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల' (1938) అస్పృశ్యతను ఎదిరించినది. దాని కథ చలం గారిది, మాటలు తాపీ ధర్మారావు గారివి. పాత్రలు వాడుక భాషలో మాట్లాడినవి. మరుసటి ఏడు వచ్చిన 'రైతుబిడ్డ' జమీందారీ పద్ధతిని విమర్శించినది. కొన్ని ప్రాంతాలలో దానిని నిషేధించారు. చిత్రమేమంటే, ఆ చిత్ర సంస్థకు అండగా నిలిచినవాడు కూడా ఒక జమీందారే, చల్లపల్లి రాజా.

మూడవ కోవ జానపదము. ఈ పేరు కొంచెం తికమకగా ఉంటుంది. జానపదం అంటే పల్లె ప్రజలకు చెందినది. 'బాలనాగమ్మ' (1942) వంటివి నిజంగానే ప్రజల నోట ఉన్న కథలు. కాని చాలా జానపద చిత్రాల కథలు రచయితలు మద్రాసులో కూర్చుండి అల్లినవే. 'గుణసుందరి కథ' (1949)లో షేక్స్పియర్ 'కింగ్ లియర్' ఛాయలున్నవి. 'పాతాళ భైరవి' (1951)లో అల్లావుద్దీన్ కథ జాడ కనబడుతుంది. మరి వీటిని జానపదము అని ఎందుకు పిలిచారు? నా ఉద్దేశంలో అది కథ పుట్టిన చోటును బట్టి వచ్చిన పేరు కాదు, కథ జరిగే కాలాన్ని బట్టి నిలిచిన పేరు. పౌరాణికము యుగాలలో జరుగుతుంది. చారిత్రకానికి తేదీలుంటవి. సాంఘికము నేడు జరుగుతుంది. జానపదము 'అనగనగా' అనే కాలంలో జరుగుతుంది. ఆ కాలంలో తోటమాలి కొడుకు కూడా రాజకుమారిని పెండ్లాడగలడు. 'పాతాళ భైరవి'లోని తోటరాముడు అట్టివాడే. తోట పని చేసినవారి మనుమలకు ఆ కథ ఎందుకు నచ్చునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ కోవల మధ్య గోడలు ఎన్నడూ గట్టివి కావు. 'మాయాబజార్' (1957) సంగతే చూడండి. శ్రీకృష్ణుడు, బలరాముడు, ఘటోత్కచుడు ఉన్నారు కనుక అది పౌరాణికము. కాని శశిరేఖ కథ వ్యాస భారతంలో లేదు. అది ప్రజల నోటిలోను, నాటక రంగంలోను పెరిగిన కథ, అంటే ఒక విధంగా జానపదమే. పెండ్లి సంబంధం మాట తప్పటం, వియ్యాలవారి గొప్పలు, విందు భోజనం, ఇవన్నీ సాంఘికంలో ఉండవలసినవి. మూడు కోవలూ ఒకేచోట చేరినందువల్లనే అది ఇంతకాలం నిలిచినది.

తరువాత ఈ పేర్లు ఎట్లా మారినవి? సాంఘికము సంగతి ముందు చెప్తాను. 1950 తరువాత నేటి దుస్తులు వేసుకున్న ప్రతి కథనూ సాంఘికము అన్నారు. కుటుంబ కథ, ప్రేమ కథ, నేర కథ అన్నీ అందులోనే చేరినవి. ఒక మాట అన్నింటికీ పనికివస్తే దేనికీ పనికిరాదు. అందువలన చిన్న చిన్న పేర్లు వచ్చినవి. జేమ్స్ బాండ్ చిత్రాల ప్రభావంతో 'గూఢచారి 116' (1966), అమెరికా పశువుల కాపరుల చిత్రాల ఒరవడిలో 'మోసగాళ్ళకు మోసగాడు' (1971) వచ్చినవి. 'సమరసింహారెడ్డి' (1999) విజయం తరువాత 'ఫ్యాక్షన్ సినిమా' అనే పేరు వాడుకలో స్థిరపడినది.

పౌరాణికము మరొక విధంగా తగ్గిపోయినది. 1963లో 'లవకుశ' మొదటి పూర్తి రంగుల తెలుగు చిత్రంగా మళ్ళీ వచ్చినది. 1934 నాటి 'లవకుశ' తీసిన సి. పుల్లయ్య గారే దానిని కూడా మొదలుపెట్టగా, కుమారుడు సి. ఎస్. రావు పూర్తి చేసినాడు. అది ఆ కోవకు శిఖరమని చెప్పవచ్చును. తరువాత పద్యం పలుకగల నటుల తరం తరిగినది. 1974లో ఎస్. వి. రంగారావు మరణించినాడు. 1982లో ఎన్. టి. రామారావు రాజకీయ పార్టీ స్థాపించినాడు. అయినా దేవతలు తెరను విడిచిపెట్టలేదు. 'యమగోల' (1977)లో యముడు నవ్వించినాడు. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' (1990)లో ఇంద్రుని కుమార్తె నేటి నగరానికి దిగినది. ఈ కలయికకు 'సోషియో ఫాంటసీ' అని పేరు పెట్టినారు. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' అశ్వత్థామను రాబోవు కాలంలోనికి తెచ్చినది.

జానపదము కూడా చావలేదు. 'బాహుబలి' (2015, 2017)లోని మాహిష్మతికి తేదీ లేదు, చరిత్ర లేదు. రాజు, కత్తి, పగ, పోయిన రాజ్యం మాత్రం ఉన్నవి. అది 'అనగనగా' కాలమే. ప్రకటనలలో దానిని వేరే పేర్లతో పిలిచారు గాని, మన పెద్దలు చూస్తే వెంటనే జానపదమనే అంటారు.

ఇంతకూ ఈ చరిత్రతో మనకేమి పని అని అడుగవచ్చును. నేను ఉపాధ్యాయుడను. నేను తెలుగు నేర్చుకున్నది ఇంటిలో కాదు, సాయంకాలపు తరగతులలో. అట్లా నేర్చుకున్నవారికి పౌరాణిక చిత్రం గొప్ప గురువు. అందులో ప్రతి మాట స్పష్టంగా, నెమ్మదిగా పలుకుతారు. రామభజనలో విన్న మాటలే అక్కడ మళ్ళీ వినబడతవి. నేటి చిత్రాలలో మాట వేగం ఎక్కువ, ఆంగ్లం ఎక్కువ. పిల్లలు పోరాటాలు చూచి, పాటలకు ఎగిరి లేచిపోతారు. వారి చెవిలో ఒక్క తెలుగు వాక్యం కూడా నిలువదు. చిత్రం తెలుగుదే, కాని భాష వారికి అందలేదు.

కనుక ఉగాదికో, సంక్రాంతికో మందిరంలో చిత్రం వేసేటప్పుడు పేరుపొందిన నటుని చూచి ఎన్నుకోవద్దు. ఆ కథ ఏ కాలంలో జరుగుతున్నది, ఎవరి భాషలో మాట్లాడుతున్నది, ఎవరి కోసం తీసినది అని మూడు ప్రశ్నలు అడుగండి. చిన్నపిల్లలకు 'మాయాబజార్'తో మొదలుపెట్టండి. తరువాత 'పాతాళ భైరవి'. కొంచెం పెద్దవారికి 'మాలపిల్ల' గురించి చెప్పండి. అటుపై వారు ఏ క్రొత్త చిత్రం చూచినా, అది పాత కోవలలో దేనికి మనుమడో వారే గుర్తుపట్టగలరు. భాష కూడా ఆ గుర్తింపుతోనే వారికి దగ్గరవుతుంది.