ఎండ వేరు, ఉక్క వేరు

వేసవి వస్తున్నదంటేనే మన ఇళ్ళలో హడావిడి మొదలవుతుంది. ఆవకాయ జాడీలు కడిగి ఎండబెట్టుకోవాలి, వడియాలు పెట్టుకోవాలి, సెలవులకు వచ్చే పిల్లలకు ఏర్పాట్లు చూసుకోవాలి. వీటన్నిటి మధ్య "అబ్బ, ఏం ఎండలమ్మా!" అని రోజుకు వందసార్లయినా అనుకుంటాం. కానీ ఆ ఎండ అన్ని ఊళ్ళలోనూ ఒకటి కాదనీ, ఒక ఊరికి పనికివచ్చిన ఉపాయం ఇంకో ఊళ్ళో బెడిసికొడుతుందనీ నాకు తెలిసింది కాపురానికి వచ్చాకే. ఆ సంగతీ, దాని వెనక ఉన్న చరిత్రా ఈ పూట మీతో ముచ్చటించాలని ఉంది.

నా పుట్టిల్లు నంద్యాల. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ సామెత మా వైపు అక్షరాలా నిజం. మాది మట్టిమిద్దె, మందపాటి గోడలు. పొద్దున ఎనిమిది కొట్టేసరికి తలుపులూ కిటికీలూ మూసేసేది మా అవ్వ. మధ్యాహ్నం గుమ్మానికి వట్టివేళ్ళ తడికె కట్టి నీళ్ళు చల్లితే, బయట కొలిమిలా ఉన్న గాలి లోపలికి వచ్చేసరికి చల్లగా, కమ్మటి వాసనతో ఒంటికి తగిలేది. నీళ్ళు చల్లే పని ఆడపిల్లనని నాదే. చెమట పట్టిన సంగతి కూడా తెలిసేది కాదు, పట్టిన మరుక్షణమే ఆరిపోయేది.

ఇరవై రెండేళ్ళ కిందట కాకినాడ కోడలినయ్యాను. మొదటి వేసవికి పుట్టింటి నుంచి సారె తెచ్చుకున్నట్టు రెండు వట్టివేళ్ళ తడికెలు తెచ్చుకున్నాను. ముందుగదికి కట్టి, కిటికీలు మూసి, బిందెడు నీళ్ళు కుమ్మరించాను. గంట గడిచేసరికి దుప్పట్లు తేమెక్కాయి, అగ్గిపుల్ల గీస్తే వెలగలేదు. ఆయాసం ఉన్న మా అత్తగారు మంచం మీద లేచి కూర్చున్నారు.

"అమ్మాయ్, ఊపిరాడటం లేదే. ఆ తడికెలు విప్పెయ్యి, కిటికీలు తెరువు. మన ఊరికి కావలసింది నీళ్ళు కాదు, గాలి" అన్నారు.

అప్పుడు నాకు చిన్నతనం అనిపించింది. ఆవిడ మాటలో ఎంత శాస్త్రం ఉందో చాలా ఏళ్ళకు గాని బోధపడలేదు.

చూడండి, నీళ్ళు ఆరేటప్పుడు తమతో వేడిని పట్టుకుపోతాయి. కుండలో నీళ్ళు చల్లబడటం, తడికె దగ్గర గాలి చల్లబడటం, చెమట ఆరి మన ఒళ్ళు చల్లబడటం, ఈ మూడింటికీ సూత్రం ఒకటే. గాలి పొడిగా ఉంటే నీళ్ళు గబగబా ఆరుతాయి. సముద్రం మీది గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది కనుక చెమట ఆరదు, కారుతుంది. అదే ఉక్క. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా పెడితే ఈ తేడా తెలుస్తుంది. 43 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే ఆ తడిగుడ్డ థర్మామీటరు సుమారు 25 చూపిస్తుంది. 36 డిగ్రీలే ఉండి తేమ 70 శాతం ఉంటే అది 31 దాకా వెళుతుంది. పేపరులో అంకె చూసి 43ని తలుచుకుని భయపడతాం గాని, ఒంటికి ఎక్కువ కష్టం ఆ 36లోనే. తడిగుడ్డ థర్మామీటరు 35 చూపిస్తే ఎంత ఆరోగ్యవంతుడైనా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని 2010లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. తర్వాత మనుషుల మీద చేసిన పరీక్షల్లో ఆ హద్దు అంతకంటే కిందనే ఉందని తేలింది.

ఇక చరిత్రలోకి వెళదాం. ఎండకు మన దేశంలో మొదటి మందు నీడా, నీళ్ళూనే. శాతవాహనరాజు హాలుడు కూర్చాడని చెప్పే ప్రాకృత గ్రంథం గాథాసప్తశతిలో చలిపందిరి దగ్గర బాటసారులకు నీళ్ళు పోసే అమ్మాయి కనిపిస్తుంది. మన కావ్యభాషలో ఆమెను ప్రపాపాలిక అంటారు. పండితులకు అందులో శృంగారం కనిపిస్తుందట. నాకు మాత్రం పొద్దంతా కుండల పక్కన నిలబడ్డ ఆడపిల్లే కనిపిస్తుంది. గుజరాతులో పాటన్ దగ్గర పదకొండో శతాబ్దంలో రాణి ఉదయమతి భర్త జ్ఞాపకంగా కట్టించిన మెట్లబావి ఉంది. దానిపేరే రాణీ కీ వావ్. 2014లో యునెస్కో వారు దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చారు. అంతస్తులు అంతస్తులుగా భూమిలోకి దిగే అటువంటి బావుల్లో, నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు కాసేపు కూర్చుని చల్లబడి వెళ్ళేవారు. పొడి ఎండల దేశానికి అతికినట్టు సరిపోయిన ఉపాయం అది.

మొగలాయీల ఆగ్రా, లాహోరు కూడా పొడి ఎండల ఊళ్ళే. అక్బరు ఆస్థానంలో అబుల్ ఫజల్ రాసిన అయినీ అక్బరీలో నీళ్ళు చల్లబరిచేందుకు సురేకారం వాడిన వైనం ఉంది. 1586 ప్రాంతంలో రాజసభ లాహోరులో ఉన్నప్పటి నుంచి కొండల మీది మంచును పడవల మీదా, బళ్ళ మీదా, మనుషుల భుజాల మీదా తెప్పించేవారని కూడా ఆ గ్రంథమే చెబుతుంది. వట్టివేళ్ళ తడికెలంటే అక్కడ రాజభోగం. తర్వాత వచ్చిన తెల్లదొరలు ఆ తడికెలు చూసి ముచ్చటపడి తమ బంగళాలకూ కట్టుకున్నారు. బయట ఎండలో నిలబడి నీళ్ళు చల్లడానికి ఒక పనివాడు ఉండేవాడు.

కానీ ఆ దొరలకు పెద్ద కొలువులున్న కలకత్తా, మద్రాసు ఉక్క ఊళ్ళు. నాకు కాకినాడలో అయిన అనుభవమే వాళ్ళకూ అయింది. సముద్రపు గాలి వీచే రోజుల్లో తడికె పనిచేయదు. అందుకని పైకప్పుకు గుడ్డ పంకా వేలాడదీసి, వరండాలో కూర్చున్న మనిషి చేత తాడు లాగించేవారు. లోపలివాళ్ళు నిద్రపోయినా తాడు ఆగకూడదు. అదీ చాలక 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ సుమారు 180 టన్నుల మంచుగడ్డలతో బయలుదేరి నాలుగు నెలలు ప్రయాణించి కలకత్తా చేరింది. దారిలో కరిగింది పోగా ఇంకా 100 టన్నుల దాకా మిగిలిందట! రంపపు పొట్టులో కప్పి తేవడమే ఆ రహస్యం. మద్రాసు సముద్రతీరాన 1842లో ఆ మంచు నిలవ చేసేందుకు కట్టిందే ఐస్‌హౌస్. తర్వాత ఇక్కడే యంత్రాలతో మంచు చేయడం వచ్చి ఆ వ్యాపారం మూతపడింది. 1897లో వివేకానందస్వామి ఆ భవనంలో బస చేశారు. తర్వాత కొంతకాలం సిస్టర్ సుబ్బలక్ష్మిగారు అక్కడ బాలవితంతువులను ఉంచి చదువు చెప్పించారు. దొరల గ్లాసుల్లోకి మంచు దాచిన ఇల్లు, దిక్కులేని ఆడపిల్లలకు నీడ అయింది. నాకు ఈ సంగతి తలుచుకుంటే ఎంతో తృప్తి.

ఇవేవీ చాలనివారు కొండలెక్కారు. 1864లో సిమ్లా వేసవి రాజధాని అయింది. మన కడప కలెక్టరు హార్స్‌లీ దొర ఏనుగు మల్లమ్మ కొండ మీద ఇల్లు కట్టుకుంటే, మల్లమ్మ పేరు పోయి అది హార్స్‌లీ కొండ అయింది.

మరి ఓడలూ కొండలూ లేని మన కోస్తా ఆడవాళ్ళు ఏం చేశారు? మా అత్తగారి పుట్టింట్లో మండువా లోగిలి ఉండేదట. నడిమి ఆకాశంలోకి వేడిగాలి లేచిపోతుంటే, వసారాల్లోంచి కొత్తగాలి వచ్చేది. ఇంటి ముందు తాటాకు చలవపందిరి, చేతిలో తాటాకు విసనకర్ర, ఒంటి మీద పల్చటి నూలు చీర. పొద్దున్నే తరవాణి. బెంగాలులో పాంతా భాత్ అనేదీ అలా రాత్రి నీళ్ళలో పులిసిన అన్నమే. ఉక్క ఊళ్ళలో చెమటతో ఉప్పు ఎక్కువ పోతుంది కనుక ఇందులో ఉప్పు కలుపుకుని తాగేవారు. మా సీమలో రాగి అంబలి, తెలంగాణలో జొన్న అంబలి చేసే పనీ ఇదే. ఒక్క మాట. కోస్తాలో కూడా పడమటి గాలి తిరిగి, సముద్రపు గాలి రాని రోజులుంటాయి. అప్పుడు గాలి పొడిగా కాలిపోతుంది. ఆ రోజుల్లో మా అత్తగారే "ఇవాళ నీ తడికెలు కట్టమ్మా" అనేవారు.

మీకు తెలుసునో లేదో, ఈనాటి ఏసీ పుట్టింది కూడా మనిషి సుఖం కోసం కాదు. 1902లో అమెరికాలో బ్రూక్లిన్ పట్నంలో ఒక అచ్చాఫీసులో గాలి తేమకు కాగితం ఉబ్బి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటం లేదు. ఆ తేమను తీయడానికి విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు యంత్రం రూపొందించాడు. ఏసీ గొట్టం నుంచి చుక్కలు చుక్కలుగా కారేది మన గదిలోంచి తీసిన తేమే. కూలరు తేమను కలుపుతుంది, ఏసీ తేమను తీస్తుంది. నంద్యాలకు కూలరు చాలు. కాకినాడలో కిటికీలు మూసి కూలరు పెడితే నా తడికెల కథే మళ్ళీ.

ఇంతవరకూ చదివిందీ, విన్నదీ చెప్పాను. ఇప్పుడు నాకు జరిగింది చెబుతాను. 2015 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా పోయారు. ఎక్కువమంది మన ఆంధ్ర, తెలంగాణల వాళ్ళే. ఆ రోజుల్లోనే మా ఇంటికి బంధువులు వచ్చారు. హాల్లో కొత్త ఏసీ. చల్లదనం బయటికి పోకుండా వంటింటి తలుపు మూశారు. మూసింది ఎవరో కాదు, నేనే. లోపల రెండు పొయ్యిల మీద అన్నం, పులుసు, కుక్కరు ఆవిరి. నాలుగో వాయి అప్పడాలు వేయిస్తుండగా కళ్ళు చీకట్లు కమ్మి గట్టు పక్కన కూలబడ్డాను. తలుపు మూసి ఉంది కదా, ఎవరికీ వినపడలేదు. అప్పడం మాడిన వాసనకు మా అత్తగారు కర్ర పట్టుకుని నడుచుకుంటూ వచ్చారు. ముఖాన నీళ్ళు చల్లి, మెడకూ చంకలకూ తడిగుడ్డలు పెట్టి, ఆవిడ పాత విసనకర్రతోనే విసిరారు. తెలివి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ తాగించారు. తర్వాత హాల్లోకి వెళ్ళి, "మీరంతా హాయిగా ఉన్నారు. దాన్ని మాత్రం ఆవిరి కుడుముల్లే ఉడికించారు" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు.

అప్పుడు నాకు తట్టింది. నంద్యాల అయినా, ఢిల్లీ అయినా, హైదరాబాదు అయినా ప్రతి ఇంట్లోనూ ఒక కాకినాడ ఉంది. అది వంటిల్లు. అక్కడ వేడీ ఉంది, ఆవిరీ ఉంది, గాలి మాత్రం లేదు. చలిపందిరి అమ్మాయి, తడికె తడిపిన పనివాడు, పంకా తాడు లాగినవాడు, వీళ్ళంతా ఎదుటివారిని చల్లబరుస్తూ తాము ఎండలో ఉన్నవాళ్ళు. ఆ వరసలో చివర మనం ఉన్నాం.

అందుకని నేను చేసుకున్న మార్పులు చెబుతాను. మే నెలలో పొయ్యి పని ఉదయం ఏడున్నరకల్లా ముగుస్తుంది. రాత్రికి పొయ్యి వెలిగించే పని లేకుండా పెరుగన్నం, పచ్చడి, ముంజెలో మామిడిపండో. వంటింట్లో ఆవిరి లాగే ఫ్యాను తప్పనిసరి, ఎదుటి కిటికీ తెరిచి ఉంచాలి. సాయంత్రం టీ మా అబ్బాయి పెడతాడు. డాబా మీద ఏటా సున్నం వేయిస్తాం. ఇది పాతకాలపు పద్ధతే అయినా, చల్లటి పైకప్పుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేకంగా విధానమే ప్రకటించింది. అహ్మదాబాదులో 2010 ఎండలకు వందల ప్రాణాలు పోయాక, 2013లో అక్కడి నగరపాలకులు ముందుగా హెచ్చరించే ప్రణాళిక తయారు చేశారు. ఊరికొక ప్రణాళిక ఉన్నట్టే ఇంటికీ ఒకటి ఉండవద్దూ?

మీ ఊరి వేడి ఏ రకమో తెలియడానికి యంత్రాలు అక్కర్లేదు. నీడలో ఒక తడి తువ్వాలు ఆరేయండి. చూస్తుండగానే ఆరిపోతే తడికె, కూలరు, కుండనీళ్ళు మీకు మేలు చేస్తాయి. ఎంతకీ ఆరకపోతే గాలి ఆడనివ్వండి, గదిలో తడి పెంచకండి. గాలి 40 డిగ్రీలు దాటి కాలుతుంటే ఉత్త ఫ్యాను వడగాలిని విసిరినట్టే, ఒంటికి తడి కూడా ఉండాలి. ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకుని ఒళ్ళు తడుపుతూ, విసురుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

మా అత్తగారు ఇప్పుడు లేరు. ఆవిడ విసనకర్ర మా వంటింటి మేకుకు వేలాడుతూనే ఉంది. ఎవరు ఏసీ వేసినా, వంటింటి తలుపు మాత్రం మూయనివ్వను. మీరూ ఈ వేసవికి ఆ తలుపు సంగతి ఒక్కసారి చూసుకోండి. సెలవు.