బుల్లెట్ టాపెట్ సున్నా లెక్క

సికింద్రాబాద్ స్టేషన్‌లో పదో నంబరు ప్లాట్‌ఫాం వైపు బయటికొస్తే బోయిగూడ. కలప డిపోలు, పాత ఇనుము గోదాములు. కాస్త పడమరకెళ్తే రాణిగంజ్ స్పేర్‌పార్టుల దుకాణాలు, ఉత్తరాన 1806 నాటి కంటోన్మెంటు. ఈ మూడూ దగ్గరున్న చోట పాత బుల్లెట్‌కు అంత తేలిగ్గా చావు రాదు.

సరిహద్దు గస్తీకి పనికొచ్చే బండిగా భారత సైన్యం 1950ల తొలినాళ్లలో 350 సీసీ బుల్లెట్‌ను ఎంచుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని రెడిచ్‌లో ఉన్న బుల్లెట్ తయారీ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టింది. తిరువొత్తియూరులో బిగించిన ఆ ఇంజిన్ దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. పోత ఇనుప సిలిండర్, అల్యూమినియం హెడ్డు, మధ్యలో రాకర్‌ను నెట్టి వాల్వును తెరిపించే అల్యూమినియం పుష్‌రాడ్లు.

దాని టాపెట్ సెట్టింగ్‌కు ఫీలర్ గేజ్ అక్కర్లేదు. ఇంజిన్ చల్లగా ఉండగా పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకి తెచ్చి, పక్కనున్న టాపెట్ మూత తీస్తారు. రాడ్డు వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఊగకూడదు. అంటే రాడ్డుకూ రాకర్‌కూ మధ్య గ్యాప్ దాదాపు సున్నా.

ఈ సున్నా ఆ రాడ్డు లోహానికి కట్టుబడిన సున్నా. 200 మిల్లీమీటర్ల కడ్డీని 80 డిగ్రీలు వేడెక్కిస్తే ఉక్కు సుమారు 0.19 మిల్లీమీటర్లు సాగుతుంది, అల్యూమినియం 0.37. ఇనుము అల్యూమినియంలో సగమే సాగుతుంది కానీ, మంట పక్కనే ఉండే సిలిండర్ రాడ్డుకన్నా బాగా కాలుతుంది. దానిపై అల్యూమినియం హెడ్డు కూడా పెరుగుతుంది. అలా ఇంజిన్ ఎత్తు, రాడ్డు పొడవు ఇంచుమించు జోడుగా నడుస్తాయి.

వాల్వు స్ప్రింగులు గట్టివి వేసి, ఎక్కువ ఆర్‌పీఎంకు పరిగెత్తించాలనుకునేవాళ్లు అల్యూమినియం వంగుతుందని ఉక్కు రాడ్లకు మారతారు. ఉక్కు గట్టిదే, బరువు కూడా. పాత పద్ధతిలోనే చల్లగా సున్నా పెడితే, వేడెక్కాక ఇంజిన్ పెరిగినంత రాడ్డు పెరగదు. పై లెక్క ప్రకారం తేడా 0.18 మిల్లీమీటర్లు, మెకానిక్కుల లెక్కలో ఏడు థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). బండి కటకటలాడుతుంది. వాల్వు ఆలస్యంగా తెరుచుకుంటుంది, ముందే మూసుకుంటుంది, రాకర్‌కు దెబ్బలు తగులుతాయి.

ఎదురు దిశలో మార్పు ఇంకా చెడ్డది. అంబాసిడర్‌లోని 1489 సీసీ బీఎంసీ ఇంజిన్‌లో బ్లాకు, హెడ్డు రెండూ ఇనుమే, రాడ్లు ఉక్కు. దాని గ్యాప్ వేడిమీద 15 థౌలు. అలాంటి ఇంజిన్‌లో తేలికని అల్యూమినియం రాడ్లు దూర్చి, చల్లగా ఉక్కు లెక్కే పెడితే, వేడిలో రాడ్డు సాగి గ్యాప్‌ను బాగా తగ్గించేస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వు కాడ కూడా సాగుతుంది కదా! గ్యాప్ మొత్తం పోతే, పూర్తిగా కూర్చోని వాల్వు తన వేడిని సీటుకు ఇవ్వలేక అంచు కాలిపోతుంది. శబ్దం చేసే టాపెట్ బతికుంటుంది, మౌనంగా బిగిసిందే ముప్పు అని నేనంటాను.

రాడ్లు మార్చినవారు మాన్యువల్ అంకెను పక్కన పెట్టక తప్పదు. కాస్త వదులుగా మొదలెట్టి, ఇంజిన్ బాగా కాలాక వేడిమీద గ్యాప్ చూసి సరిచేయాలి. పూర్తిగా చల్లారాక మళ్లీ కొలిస్తే ఆ బండికి కొత్త చల్లని అంకె దొరుకుతుంది. హెడ్డు బోల్టులు మళ్లీ బిగించిన ప్రతిసారీ ఇదంతా చేయాలి. 2009లో వచ్చిన క్లాసిక్ బండి ఇంజిన్‌లోనూ పుష్‌రాడ్లు ఉన్నాయి గానీ, దాని గ్యాప్‌ను హైడ్రాలిక్ టాపెట్లు ఆయిల్ ఒత్తిడితో తామే చూసుకుంటాయి.