అమెరికా అధ్యక్షుల అభిశంసన: సాక్షుల విముఖత, ప్రజాస్పందన

అమెరికా రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడిపై అభియోగాలు మోపే అధికారం ప్రతినిధుల సభది, వాటిని విచారించి తీర్పు చెప్పే అధికారం సెనేట్‌ది. పదవి నుంచి తొలగించడానికి సెనేట్‌లో హాజరైనవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఆండ్రూ జాన్సన్ (1868), బిల్ క్లింటన్ (1998), డొనాల్డ్ ట్రంప్ (2019, 2021) అభిశంసనకు గురయ్యారు కాని ఎవరి పదవీ పోలేదు. సభలో ఓటింగ్ దాకా రాకముందే రాజీనామా చేసిన రిచర్డ్ నిక్సన్ వ్యవహారమే వీటన్నిటికంటే ఎక్కువగా జనాన్ని కదిలించింది. ఈ విచారణల్లో ముఖ్య సాక్షులు సాధారణంగా అధ్యక్షుడి దగ్గర పనిచేసినవారే. విధేయత, ఉద్యోగం, జైలు భయం వారిని వెనక్కి లాగేవి. ప్రజాభిప్రాయం ఎటు మొగ్గిందన్నది చాలావరకు వారు నోరు విప్పిన తీరును బట్టే ఉంది.

తొలి విచారణలు

యుద్ధ మంత్రి ఎడ్విన్ స్టాంటన్‌ను తొలగించినందుకు 1868 ఫిబ్రవరి 24న ప్రతినిధుల సభ 126–47 ఓట్లతో జాన్సన్‌ను అభిశంసించింది. విచారణ చూడటానికి జనం ఎగబడటంతో సెనేట్ గ్యాలరీకి మొదటిసారిగా టికెట్లు అచ్చు వేయించారు. ఇక్కడ కథ తిరగబడింది. నౌకాదళ మంత్రి గిడియన్ వెల్స్ అధ్యక్షుడి తరఫున చెప్పడానికి సిద్ధపడినా, మంత్రివర్గంలో జరిగిన చర్చల గురించి అతని వాంగ్మూలం వినడానికి సెనేట్ ఒప్పుకోలేదు. కాన్సాస్ సెనేటర్ ఎడ్మండ్ రాస్‌కు సొంత రాష్ట్రం నుంచి ఒత్తిడి చేస్తూ టెలిగ్రాములు వచ్చాయి. అయినా అతను జాన్సన్ నిర్దోషి అని ఓటేశాడు. 35–19 ఓట్లతో, ఒక్క ఓటు తక్కువై, జాన్సన్ గట్టెక్కాడు.

తరవాతి నూరేళ్లలో చెప్పుకోవలసింది 1927 నాటి సుప్రీం కోర్టు తీర్పు ఒక్కటే. పిలిచినా రాని సాక్షిని బలవంతంగా రప్పించే అధికారం కాంగ్రెస్‌కు ఉందని అది తేల్చింది.

వాటర్‌గేట్

1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ సముదాయంలో, డెమోక్రటిక్ పార్టీ జాతీయ కమిటీ కార్యాలయంలోకి చొరబడిన ఐదుగురిని పోలీసులు పట్టుకున్నారు. జనం మొదట దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ నవంబరులో నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలుచుకున్నాడు. కథ మలుపు తిరిగింది కోర్టులో. నిందితుల్లో ఒకడైన జేమ్స్ మెకార్డ్ రాసిన ఉత్తరాన్ని న్యాయమూర్తి జాన్ సిరికా 1973 మార్చి 23న బహిరంగంగా చదివి వినిపించాడు. నోరు మూసుకోమని తమపై ఒత్తిడి వచ్చిందని, కోర్టులో అబద్ధపు సాక్ష్యాలు చెప్పారని అందులో ఉంది. అతని సహ నిందితుడు గోర్డన్ లిడ్డీ మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పకుండా నాలుగేళ్లకు పైగా జైల్లో గడిపాడు.

అప్పటికే ఈ వ్యవహారంపై సెనేట్ 77–0 ఓట్లతో ప్రత్యేక సంఘాన్ని వేసింది. దాని అధ్యక్షుడు నార్త్ కరోలినాకు చెందిన శామ్ ఎర్విన్. కార్యనిర్వాహక ప్రత్యేక హక్కు పేరు చెప్పి తన సిబ్బందిని పంపనని నిక్సన్ మొదట అడ్డుపడ్డాడు. రాకపోతే అరెస్టు చేయించి తెప్పిస్తానని ఎర్విన్ అనడంతో, ఏప్రిల్‌లో వెనక్కి తగ్గాడు.

మే 17న బహిరంగ విచారణ మొదలైంది. మూడు పెద్ద టీవీ సంస్థలూ తొలి రోజుల్లో కలిసి, తరవాత వంతులవారీగా ప్రసారం చేశాయి. పగలు ఉద్యోగాలకు వెళ్లేవారి కోసం పబ్లిక్ టెలివిజన్ రాత్రిపూట మొత్తం మళ్లీ వేసింది. అమెరికాలో 85 శాతం ఇళ్లవారు అందులో కొంతైనా చూశారని అంచనా. మధ్యాహ్నపు సీరియళ్లు ఆగిపోయాయని టీవీ కేంద్రాలకు ఫిర్యాదులు చేసినవారూ ఉన్నారు. పెద్ద కనుబొమలు, పల్లెటూరి పిట్టకథలు, బైబిల్ వాక్యాలతో ఎర్విన్ ఇంటింటికీ తెలిసిన మనిషయ్యాడు. అతని బొమ్మతో చొక్కాలు, అతని పేరుతో అభిమాన సంఘాలు వెలిశాయి. 76 ఏళ్ల సెనేటర్ గొంతుతో గ్రామఫోన్ రికార్డు కూడా వచ్చింది.

సాక్షుల్లో మొదట అందరి దృష్టీ అధ్యక్షుడి న్యాయ సలహాదారు జాన్ డీన్‌పై పడింది. తను చెప్పిందాన్ని తనమీదే వాడకూడదన్న హామీ తీసుకుని, జూన్ 25న 245 పేజీల ప్రకటనను రోజంతా ఒకే స్వరంతో చదివాడు. దొంగతనాన్ని కప్పిపుచ్చే పనిలో అధ్యక్షుడికి భాగం ఉందన్నది దాని సారాంశం. తన తల కాపాడుకోవడానికి అప్రూవర్‌గా మారినవాడి మాట నమ్మాలా, దేశాధ్యక్షుడి మాట నమ్మాలా అని జనం తేల్చుకోలేకపోయారు. నిక్సన్‌ను తొలగించాలన్నవారు జూన్‌లో గాలప్ సర్వేలో 19 శాతమే. తరవాత వచ్చిన వైట్ హౌస్ మాజీ ఉన్నతాధికారులు హాల్డెమన్, ఎర్లిక్‌మన్ అధ్యక్షుడిని గట్టిగా వెనకేసుకొచ్చారు.

చిక్కుముడి విప్పింది ఎవరూ పెద్దగా ఎరగని అధికారి. వైట్ హౌస్‌లో పనిచేసి వెళ్లిన అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ తనంతట తాను ఏమీ చెప్పకూడదని, సూటిగా అడిగితే మాత్రం అబద్ధమాడకూడదని నిశ్చయించుకుని వచ్చాడు. జూలై 13న కమిటీ సిబ్బంది సూటిగానే అడిగారు. అధ్యక్షుడి గదుల్లో మాటలన్నీ టేపుల్లో ఎక్కుతున్నాయని అతను ఒప్పుకున్నాడు. 16న అదే మాట దేశమంతా విన్నది. ఇక ఎవరి మాట నమ్మాలన్న వాదం పక్కకు పోయి, టేపులు ఏవి అన్న ప్రశ్న మిగిలింది. ఇష్టం లేకున్నా నిజం చెప్పిన సాక్షికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

టేపుల కోసం పట్టుబట్టిన ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆర్కిబాల్డ్ కాక్స్‌ను తొలగించమని నిక్సన్ అక్టోబర్ 20న ఆదేశించాడు. అటార్నీ జనరల్ ఎలియట్ రిచర్డ్‌సన్, అతని తరవాతి స్థానంలోని విలియం రకెల్స్‌హాస్ ఆ పని చేయక పదవులు వదులుకున్నారు. మూడోవాడు రాబర్ట్ బోర్క్ చేశాడు. ఆ శనివారం రాత్రి తరవాత వాషింగ్టన్‌కు లక్షల టెలిగ్రాములు వచ్చి పడ్డాయి. అభిశంసన కావాలంటే హారన్ కొట్టమని రాసిన అట్టలతో జనం వైట్ హౌస్ ముందు నిలబడ్డారు, దారిన పోయే కార్లు హారన్ మోగించాయి. మరోవైపు బారుక్ కోర్ఫ్ అనే యూదు మతగురువు అధ్యక్షుడికి న్యాయం జరగాలంటూ సంఘం పెట్టి పత్రికల్లో ప్రకటనలు వేయించాడు.

ఒక టేపులో పద్దెనిమిదిన్నర నిమిషాలు ఖాళీగా ఉన్నాయి. అందులో కొంత పొరపాటున తన వల్లే చెరిగి ఉండవచ్చని నిక్సన్ కార్యదర్శి రోజ్ మేరీ వుడ్స్ కోర్టులో చెప్పింది. ఫోన్ ఒకవైపు, పెడల్ ఒకవైపు అందుకుంటూ ఆమె ఒళ్లు సాగదీసి చూపిన ఫొటో చూసి దేశం నవ్వింది. 1974 ఏప్రిల్ చివర వైట్ హౌస్ ప్రచురించిన సంభాషణల ప్రతులు అభిమానులను కూడా నొప్పించాయి. తిట్లున్న చోటల్లా తొలగించామని రాసి ఉండటమే ఊహకు మరింత పని కల్పించింది. అంతదాకా నిక్సన్‌ను సమర్థించిన షికాగో ట్రిబ్యూన్ రాజీనామా కోరింది.

పీటర్ రోడినో నాయకత్వంలో 38 మంది సభ్యులున్న ప్రతినిధుల సభ న్యాయ వ్యవహారాల సంఘం సాక్ష్యాలను తలుపులు మూసుకుని పరిశీలించి, జూలై 24 నుంచి మాత్రమే టీవీ ముందు చర్చించింది. టెక్సస్ సభ్యురాలు బార్బరా జోర్డాన్ ప్రసంగం ఆ చర్చకే వన్నె తెచ్చింది. 27న మొదటి అభియోగం 27–11 ఓట్లతో నెగ్గింది. 30న నెగ్గిన మూడోది, సమన్లు పంపినా టేపులు ఇవ్వనందుకు. టేపులు అప్పగించాలన్న సుప్రీం కోర్టు 8–0 తీర్పుకు తలవంచి ఆగస్టు 5న నిక్సన్ విడుదల చేసిన టేపు, కప్పిపుచ్చే ప్రయత్నం తొలి వారంలోనే అతనికి తెలుసని చూపింది. తొలగింపు కోరేవారు 57 శాతానికి చేరారు. 9న అతను పదవి వదిలాడు.

తరవాతి కాలం

క్లింటన్ కేసులో, అతనితో సంబంధం నడిపిన వైట్ హౌస్ మాజీ ఉద్యోగిని మోనికా లెవిన్‌స్కీ నెలల తరబడి బేరసారాల తరవాత, శిక్ష ఉండదన్న హామీతో 1998 ఆగస్టులో గ్రాండ్ జ్యూరీ ముందుకు వచ్చింది. వైట్‌వాటర్ భూముల వ్యవహారంలో జవాబివ్వని సూజన్ మెక్‌డూగల్ 18 నెలలు జైల్లో ఉంది. క్లింటన్ వాంగ్మూలం వీడియో సెప్టెంబర్ 21న టీవీల్లో వచ్చింది. అయినా డిసెంబర్ 19న సభ అభిశంసించాక అతని ఆదరణ గాలప్ లెక్కలో 73 శాతానికి పెరిగింది. సెనేట్ లెవిన్‌స్కీని స్వయంగా పిలవకుండా వీడియో వాంగ్మూలంతో సరిపెట్టి, 1999 ఫిబ్రవరి 12న క్లింటన్‌ను నిర్దోషిగా వదిలేసింది.

2019లో ఉక్రెయిన్ వ్యవహారంలో ట్రంప్‌పై విచారణకు వైట్ హౌస్ సహకరించేది లేదని చెప్పింది. మరీ యొవనోవిచ్, ఫియోనా హిల్ వంటి అధికారులు సమన్లకు కట్టుబడి వచ్చారు. జాతీయ భద్రతా సలహాదారుగా పనిచేసి వెళ్లిన జాన్ బోల్టన్ రాలేదు. ప్రజాభిప్రాయం మొదటి నుంచి చివరి దాకా పార్టీల గీత దాటలేదు. కొత్త సాక్షులను పిలవాలన్న ప్రతిపాదన 2020 జనవరి 31న సెనేట్‌లో 49–51తో వీగిపోయింది. 2021 ఫిబ్రవరి 13న రెండో విచారణలో సాక్షులను పిలవడానికి 55–45తో ఒప్పుకున్న సెనేట్, కొద్ది గంటల్లోనే మనసు మార్చుకుని ప్రతినిధుల సభ సభ్యురాలు జేమీ హెరెరా బ్యూట్లర్ ప్రకటనను రికార్డులో చేర్చి సరిపెట్టుకుంది. అదే రోజు 57–43 ఓట్లతో, అవసరమైన మూడింట రెండు వంతులు అందక, ట్రంప్ నిర్దోషిగా బయటపడ్డాడు.