రక్తపోటు మందులు – రక్తనాళాల ఊట

చెరువు నిండినప్పుడు గట్టు అవతలి పొలంలో చెమ్మ కనిపిస్తుంది. నీటి ఒత్తిడి పెరిగినందువల్ల కొంత, గట్టు మన్ను గుల్లబారినందువల్ల కొంత ఊట కలుగుతుంది. రక్తనాళాల తీరూ ఇటువంటిదే. రక్తపోటు మాత్ర ఒత్తిడిని తగ్గించగలదు గాని, ప్రతి మాత్రా గట్టును ఒకే విధంగా కాపాడదు. ఈ భేదాన్ని శాస్త్రజ్ఞులు చాలావరకు ఎలుకలలో గమనించి తెలుసుకున్నారు.

సూక్ష్మ రక్తనాళపు గోడ ఒకే వరుస కణాలతో ఏర్పడిన పలుచని పొర. దీనిని ఎండోథీలియం అంటారు. నీరు, లవణాలు, చక్కెర దీని గుండా సులభంగా పోతాయి; అల్బుమిన్ వంటి పెద్ద మాంసకృత్తులు మాత్రం చాలావరకు లోపలే నిలుస్తాయి. రక్తపు ఒత్తిడి నీటిని వెలుపలికి నెడుతుంటే, మాంసకృత్తులు దానిని లోపలికి లాగుతాయని ఆంగ్ల శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ స్టార్లింగ్ 1896లో వివరించాడు. గోడ పదార్థాలను తన గుండా పోనిచ్చే గుణమే పారగమ్యత.

1934లో అమెరికాకు చెందిన హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనిని బిగించి రక్తపోటు కలిగించాడు. 1963లో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయంలో ఒకమోటో, అవోకి పుట్టుకతోనే రక్తపోటుకు గురయ్యే ఎలుకల వంశాన్ని వృద్ధి చేశారు. అందులోనుండే పక్షవాతానికి లోనయ్యే మరొక వంశం 1974లో వెలువడింది. ఊటను కొలిచే పద్ధతి సరళమైనది. ఈవాన్స్ బ్లూ అనే నీలిరంగును సిరలోకి ఎక్కిస్తారు. అది అల్బుమిన్‌ను అంటిపెట్టుకొని తిరుగుతుంది. గోడ వదులైన చోట అల్బుమిన్‌తో పాటు వెలుపలికి వచ్చి కణజాలాన్ని నీలంగా మారుస్తుంది. ఆ కణజాలం నుండి రంగును తీసి కొలిస్తే ఎంత ఊరిందో తెలుస్తుంది.

పక్షవాతపు వంశపు ఎలుకలలో మెదడు నాళాల కట్టుదిట్టం సడలి, రక్తంలోని మాంసకృత్తులు మెదడులోకి చేరడం కనబడింది. ఇందుకు ఒత్తిడి ఒక్కటే కారణం కాదు. నాళాలను బిగించే యాంజియోటెన్సిన్ అనే పదార్థం ఎండోథీలియాన్ని కూడా దెబ్బతీస్తుంది. దానిని అడ్డుకొనే మందులు జంతువుల మెదడు నాళాలకు రక్షణ నిచ్చాయి, మూత్రంలో పోయే అల్బుమిన్‌ను తగ్గించాయి. మధుమేహంతో మూత్రంలో అల్బుమిన్ పోయే రోగులకు వైద్యులు ఈ మందులనే ఎంచుకోవడానికి కారణమిదే.

అయితే ఇందులోనే ఒక చిక్కు ఉన్నది. బ్రెజిల్ దేశపు జరారాకా అనే విషసర్పం విషంపై జరిగిన పరిశోధన ఆధారంగా రూపొందిన కాప్టోప్రిల్, 1981లో అమెరికాలో అనుమతి పొందింది. ఎనలాప్రిల్, రామిప్రిల్ ఆ కుటుంబానివే. ఇవి ఆపే ఎంజైము యాంజియోటెన్సిన్‌ను తయారుచేయడమే గాక, బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని విచ్ఛిన్నం కూడా చేస్తుంది. ఎంజైము ఆగితే బ్రాడికైనిన్ నిలువ ఉండిపోతుంది. అది గోడను వదులు చేసే పదార్థం. కనుక మెదడులోను మూత్రపిండంలోను మేలు చేసిన మందే మరొకచోట ఊటను పెంచవచ్చు. మనుషులలో పొడిదగ్గుకు, అరుదుగా పెదవులు, నాలుక, గొంతు ఉబ్బడానికి ప్రధాన కారణంగా భావించేది ఈ బ్రాడికైనినే. అట్టి ఉబ్బు వెయ్యిమందిలో ఒకరి నుండి ఏడుగురి వరకు కలుగుతుంది. నాలుక ఉబ్బితే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవాలి. ఈ జాతి మాత్రను మళ్లీ వేసుకోరాదు. లోసార్టాన్, టెల్మిసార్టాన్ ఆ ఎంజైమును ముట్టవు. కనుక దగ్గు, ఉబ్బు వాటితో చాలా తక్కువ.

అమ్లోడిపైన్ సంగతి వేరు. సాయంకాలానికి చీలమండలు ఉబ్బితే “మూత్రపిండాలు పోయినట్లున్నవి” అని భయపడి మాత్ర మానేసేవారు పల్లెల్లో తక్కువేమీ కాదు. ఈ మందు చిన్న ధమనులను విప్పారజేస్తుంది, సిరల వైపు అంతగా విప్పదు. రాక ఎక్కువై, పోక అంతే ఉన్నందున సన్నని నాళాలలో ఒత్తిడి పెరిగి నీరు ఊరుతుంది. ఉప్పునీరు ఒంట్లో నిలువ ఉండటం దీనికి ముఖ్యకారణం కాదు గనుక, మూత్రం పోయించే మాత్ర ఈ వాపుకు అంతగా పనిచేయదు. సిరల వైపు కూడా విప్పే రామిప్రిల్ లేదా టెల్మిసార్టాన్ వంటిదానిని వైద్యుడు జోడిస్తే, లేదా అమ్లోడిపైన్ మోతాదు తగ్గిస్తే, వాపు చాలామందికి తగ్గుతుంది. చెప్పకుండా మాత్ర మానితే వాపు పోవచ్చు గాని, ఒత్తిడి తిరిగి వస్తుంది. పాదాల వాపుతో పాటు ఆయాసం, తెల్లవారేసరికి ముఖం ఉబ్బడం, మూత్రం తగ్గడం ఉన్నట్లయితే అది మాత్ర వల్లనే అని ఊరుకోకుండా గుండె, మూత్రపిండాల పరీక్షలు చేయించాలి.